జేబుకు తేలిక, చేతికి బరువు

ఒక వస్తువు తయారీ ఆగిపోయిందంటే మామూలుగా దాని గిరాకీ కూడా పడిపోవాలి. అమెరికాలో పొట్టి గొట్టం రివాల్వర్ల విషయంలో చాలాసార్లు ఇందుకు విరుద్ధంగా జరుగుతుంది. కంపెనీ ఇవాళ్టికీ చేస్తున్న కొత్త మోడల్ దుకాణం అద్దాల బల్లలో తీరిగ్గా పడి ఉంటుంది. పాతికేళ్ల కిందటే పట్టికలోంచి తీసేసిన మోడల్ కోసం మాత్రం కొనేవాళ్లు ఊళ్లు పట్టుకుని తిరుగుతారు. వాళ్లలో చాలామంది దాన్ని కొనేది బీరువాలో దాచి చూసుకోవడానికి కాదు, రోజూ జేబులో వేసుకు తిరగడానికి.

ఆ పాతదానిలో ఏముందని? ఐదు తూటాలు, రెండంగుళాలకు మించని గొట్టం, మూడు వందల గ్రాముల పైచిలుకు బరువు. అంత బాగుంటే కంపెనీ ఎందుకు ఆపేసింది? ఆపేయాల్సినంత లోపమే ఉంటే జనం ఎందుకు వెతుకుతున్నారు? ఈ రెండు ప్రశ్నలకూ జవాబు సగం భౌతికశాస్త్రంలోనూ లోహశాస్త్రంలోనూ ఉంది. మిగతా సగం మనిషి లాభనష్టాలు బేరీజు వేసుకునే తీరులో ఉంది.

పొట్టి ముక్కు పుట్టుక

అమెరికన్లు స్నబ్‌నోస్ అని పిలిచే ఈ పొట్టి ముక్కు రివాల్వర్‌కు పేరు తెచ్చింది కోల్ట్ కంపెనీ. 1927లో ఆ కంపెనీ తెచ్చిన డిటెక్టివ్ స్పెషల్ ఆరు తూటాలు పట్టేది, రెండంగుళాల గొట్టంతో సుమారు 600 గ్రాములు తూగేది. పేరులోనే ఉంది అది ఎవరి కోసమో. మామూలు దుస్తుల్లో తిరిగే పోలీసు నడుముకు పెద్ద తుపాకీ కట్టుకుంటే కోటు కింద నుంచి అది ఇట్టే కనబడిపోతుంది.

1950లో మసాచుసెట్స్ రాష్ట్రంలోని స్ప్రింగ్‌ఫీల్డ్ నుంచి స్మిత్ అండ్ వెసన్ కంపెనీ జవాబు చెప్పింది. కొలరాడో స్ప్రింగ్స్‌లో జరిగిన పోలీసు అధిపతుల మహాసభలో కొత్త రివాల్వర్‌ను చూపించి, దానికి చీఫ్స్ స్పెషల్ అని పేరు పెట్టింది. ఆరు తూటాలకు బదులు ఐదే పెట్టడం వల్ల సిలిండర్ సన్నబడింది. జేబులో ఎత్తుగా కనబడే భాగం అదే కాబట్టి, ఒక్క తూటా వదులుకుంటే దాచుకోవడం చాలా సులువైంది. ఉక్కుతో చేసిన ఆ రివాల్వర్ సుమారు 550 గ్రాములు ఉండేది.

అదే ఏడాది కోల్ట్ మరో దారి పట్టింది. తూటాల సంఖ్య తగ్గించకుండా, చట్రాన్ని ఉక్కుకు బదులు అల్యూమినియం మిశ్రమలోహంతో చేసి కోబ్రా అనే మోడల్ తెచ్చింది. ఆరు తూటాలు పట్టినా బరువు 425 గ్రాములకు దిగింది. 1963 నవంబర్ 24న డాలస్ పోలీసు కార్యాలయం నేలమాళిగలో, అధ్యక్షుడు కెనెడీ హత్య కేసు నిందితుడు లీ హార్వీ ఆస్వాల్డ్‌ను జాక్ రూబీ కాల్చింది కోబ్రాతోనే. టీవీ కెమెరాల ఎదుట, చుట్టూ పోలీసులు నిలబడి ఉండగా అది జరిగింది. ఆ తుపాకీ ఎంత సులువుగా దాగుతుందో అంతకంటే చేదు రుజువు అక్కర్లేదు.

స్మిత్ అండ్ వెసన్ కూడా 1952లో ఎయిర్‌వెయిట్ పేరుతో అల్యూమినియం బాట పట్టింది. కంపెనీకి నూరేళ్లు నిండిన ఆ ఏడాదే సెంటీనియల్ అనే మోడల్‌లో సుత్తిని పూర్తిగా లోపలికి మూసేసింది. జేబులోంచి తీసేటప్పుడు గుడ్డకు తగులుకునే మొన ఇక లేదు. ఈ రివాల్వర్లను ఇష్టపడేవాళ్లు మొదట చెప్పే కారణం ఈ నున్నదనమే. పిస్టల్‌కు ఉండే చదరపు వెనుక భాగం జేబు మీద తుపాకీ ఆకారాన్ని గీసి చూపిస్తుంది. రివాల్వర్ గుండ్రటి వంపులు జేబు మడతల్లో కలిసిపోతాయి.

చాలాకాలం ఈ సరుకు ఎక్కువగా పోలీసులదే. 1987లో ఫ్లోరిడా అర్హత ఉన్న ప్రతి దరఖాస్తుదారుకూ దాచుకుని తిరిగే లైసెన్సు ఇవ్వాలని చట్టం చేశాక, ఒక్కొక్క రాష్ట్రమే అదే దారి పట్టింది. టెక్సస్‌లో 2021 సెప్టెంబర్ నుంచి అసలు లైసెన్సే అక్కర్లేదు. 2024 నాటికి అలాంటి రాష్ట్రాలు 29 అయ్యాయి. 2022లో బ్రూయెన్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పుతో న్యూయార్క్ లాంటి కఠిన రాష్ట్రాలూ నిబంధనలు సడలించాల్సి వచ్చింది. అలా పోలీసు పరికరం మామూలు మనిషి జేబులోకి వచ్చింది. పోలీసుకు నడుము పట్టీ ఉంటుంది, ఉద్యోగరీత్యా సాధన ఉంటుంది. మామూలు మనిషికి ఉండేది పలచని ప్యాంటు జేబు. అందులో అరకిలో ఇనుము వేసుకుంటే మధ్యాహ్నానికే విసుగొస్తుంది. ఇంటి దగ్గర వదిలేసిన తుపాకీ ఎందుకూ కొరగాదు కాబట్టి బరువు ఇంకా తగ్గాలన్న పట్టుదల అక్కడ పెరిగింది.

వెనక్కి తన్నే లెక్క

బరువు తగ్గించగలం, కానీ ఆ బరువు చేస్తున్న పని ఒకటుంది. గుండు ముందుకు పోతే తుపాకీ వెనక్కి తన్నుతుంది. బడి పుస్తకాల్లో ద్రవ్యవేగ నిత్యత్వానికి ఇచ్చే ఉదాహరణే ఇది. గుండు ఎంత ద్రవ్యవేగంతో ముందుకు పోతుందో, దాని వెంట దూసుకొచ్చే వాయువుల వాటా కూడా కలుపుకుని, అంత ద్రవ్యవేగం తుపాకీకి వెనక్కి అందుతుంది. అది తుపాకీ బరువు మీద ఆధారపడదు. తుపాకీ తేలికైనదా బరువైనదా అన్నది గుండుకు పట్టదు.

అంకెల్లో చూద్దాం. పొట్టి రివాల్వర్లలో ఎక్కువగా వాడేది .38 స్పెషల్ తూటా. దాని గుండు సుమారు 10 గ్రాములు. పొట్టి గొట్టంలోంచి సెకనుకు దాదాపు 230 మీటర్ల వేగంతో వెళ్తుంది. వాయువుల వాటా కూడా కలిపితే మొత్తం ద్రవ్యవేగం సెకనుకు సుమారు 2.7 కిలోగ్రామ్ మీటర్లు. 550 గ్రాముల ఉక్కు రివాల్వర్ ఆ తాకిడికి సెకనుకు 5 మీటర్ల వేగంతో వెనక్కి వస్తుంది. 420 గ్రాముల అల్యూమినియం రివాల్వర్ 6.4 మీటర్ల వేగంతో వస్తుంది. 320 గ్రాముల టైటానియం రివాల్వర్ 8.4 మీటర్ల వేగంతో అరచేతిని కొడుతుంది.

చేతికి తెలిసే దెబ్బ వేగం ఒక్కదానిదే కాదు, గతిజశక్తిది. ద్రవ్యవేగం మారకుండా ఉన్నప్పుడు గతిజశక్తి బరువుకు విలోమంగా పెరుగుతుంది. ఉక్కుదానికి సుమారు 6.6 జౌళ్లు, అల్యూమినియంకు 8.7, టైటానియంకు 11.4. జేబులో 230 గ్రాములు మిగుల్చుకున్నందుకు అరచేతికి దాదాపు 70 శాతం ఎక్కువ దెబ్బ. ఇక అంతే తేలిక రివాల్వర్‌లో .357 మాగ్నమ్ తూటా వేస్తే తన్ను 30 జౌళ్ల దాకా పోతుంది. అలాంటి రివాల్వర్లు కూడా వచ్చాయి. వాటిని కొన్నవాళ్లలో చాలామంది ఒకటి రెండుసార్లు మాగ్నమ్ పేల్చి చూసి, ఆ తర్వాత .38 తూటాలకు దిగిపోతారు.

తన్ను ఒక్కటే కాదు సమస్య. ఈ రివాల్వర్లలో చాలావాటికి విడిగా సేఫ్టీ మీట ఉండదు. ట్రిగ్గర్ బరువుగా ఉండటమే వాటికి రక్ష. దాన్ని పూర్తిగా నొక్కాలంటే దాదాపు 5 కిలోల బరువు ఎత్తేంత బలం కావాలి. 320 గ్రాముల వస్తువు మీద ఒక్క వేలు దాని బరువుకు పదిహేను రెట్లకు పైగా బలం ప్రయోగిస్తోందన్నమాట. ఆ బలంలో కొంచెం పక్కకు మళ్లినా గొట్టం మొన కదిలిపోతుంది. బరువైన తుపాకీకి ఉండే జడత్వం ఆ కదలికను కొంత మింగేస్తుంది. తేలికదానికి ఆ ఓర్పు లేదు. పైగా గురి చూసే రెండు గుర్తుల మధ్య దూరం కొద్ది అంగుళాలే కాబట్టి చిన్న వంకర కూడా దూరం వెళ్లేసరికి పెద్దదవుతుంది.

ఇక నొప్పి తెలిసిన చెయ్యి తదుపరి గుండు పేలక ముందే బిగుసుకుంటుంది. అలా బిగుసుకోవడం మానాలంటే సాధన చేయాలి. సాధన చేద్దామంటే చెయ్యి నొప్పి. కాబట్టి అందరికంటే ఎక్కువ సాధన కావాల్సిన తుపాకీయే అందరికంటే తక్కువ సాధనకు నోచుకుంటుంది.

లోహాలతో బేరం

బరువు తగ్గించడంలో అసలు కష్టం సిలిండర్ దగ్గరుంది. తూటా పేలేది అందులోనే. .38 స్పెషల్ తూటా లోపల పీడనం వాతావరణ పీడనానికి 1,100 రెట్లు దాటొచ్చు. మాగ్నమ్ తూటాలో అది 2,400 రెట్ల వరకూ పోతుంది. చట్రం ఆ పీడనాన్ని నేరుగా భరించదు, సిలిండర్ గోడలు భరిస్తాయి. అందుకే చట్రాన్ని అల్యూమినియంతో చేయడం ఒక ఎత్తు, సిలిండర్‌ను చేయడం ఒక ఎత్తు.

ఈ తేడాను అమెరికా వైమానిక దళం ఖరీదు పెట్టి నేర్చుకుంది. 1950ల మొదట్లో విమాన సిబ్బంది కోసం కోల్ట్, స్మిత్ అండ్ వెసన్ కంపెనీలతో చట్రమూ సిలిండరూ రెండూ అల్యూమినియంతో ఉన్న రివాల్వర్లు చేయించింది. ఎయిర్‌క్రూమన్ అని పిలిచే వాటిలో కోల్ట్ చేసినది 310 గ్రాములే. సిలిండర్ల భద్రత మీద అనుమానం రావడంతో తక్కువ పీడనం ఉన్న ప్రత్యేక తూటా తయారుచేయాల్సి వచ్చింది. అప్పటికీ నమ్మకం కుదరక, దశాబ్దం చివరికి వాటిలో చాలామటుకు చితకకొట్టించేశారు. మామూలు జనానికి అమ్మే ఎయిర్‌వెయిట్‌లో కూడా స్మిత్ అండ్ వెసన్ రెండేళ్లలోనే అల్యూమినియం సిలిండర్ తీసేసి ఉక్కుది పెట్టింది.

సిలిండర్ మారినా చట్రానికి ఒక శాపం మిగిలింది. ఉక్కు మీద పడే ఒత్తిడి ఒక స్థాయి లోపే ఉంటే ఎన్ని లక్షల సార్లు పడినా అది దాదాపు చెక్కుచెదరదు. అల్యూమినియం మిశ్రమాలకు అలాంటి నిశ్చితమైన హద్దు లేదు. ఒత్తిడి చిన్నదైనా ప్రతిసారీ కొంత గాయం మిగులుతుంది. అవి పోగుపడి ఒకరోజు పగులవుతాయి. లోహపు అలసట అంటే ఇదే. పాత ఎయిర్‌వెయిట్‌లలో పగులు ఎక్కువగా కనిపించే చోటు గొట్టం మర బిగించే భాగం కింద ఉంటుంది. చట్రం అక్కడే అన్నిటికంటే పలచన. పాతది కొనేవాళ్లలో తెలిసినవాళ్లు సిలిండర్ తెరిచి, భూతద్దం పెట్టి మొట్టమొదట చూసేది ఆ చోటే.

1990ల చివర్లో సిలిండర్‌కు కొత్త లోహం దొరికింది. ఉక్కు సాంద్రత ఘన సెంటీమీటరుకు 7.8 గ్రాములు, అల్యూమినియంది 2.7. టైటానియం మిశ్రమాలు వీటి నడుమ, 4.4 దగ్గర ఉంటాయి. బలంలో మాత్రం మంచి ఉక్కులతో పోటీపడతాయి. విమానాల్లో, అంతరిక్ష వాహనాల్లో వాడే ఈ మిశ్రమాలను మన దగ్గర హైదరాబాద్‌లోని మిధాని తయారుచేస్తుంది. స్మిత్ అండ్ వెసన్ అల్యూమినియం చట్రానికి టైటానియం సిలిండర్ జతచేసి ఎయిర్‌లైట్ వరుసను తెచ్చింది. అందులోని మోడల్ 342 సుమారు 320 గ్రాములు. ఈ వ్యాసం మొదట్లో చెప్పిన వేట చాలావరకు ఈ వరుస కోసమే.

టైటానియం కూడా ఉచితంగా ఏమీ ఇవ్వదు. అది వేడిని త్వరగా పారనీయదు. కోసేటప్పుడు పుట్టిన వేడి పనిముట్టు మొన దగ్గరే నిలిచిపోయి మొనను తినేస్తుంది. అందుకే దాన్ని మలచడానికి సమయం, డబ్బు రెండూ ఎక్కువ. పేలుడు మంటకు సిలిండర్ ముందు ముఖం కోసుకుపోకుండా ఉపరితలానికి రక్షణ పొర ఉంటుంది. గరుకు పదార్థాలతో రుద్ది శుభ్రం చేయొద్దని కంపెనీ హెచ్చరించింది అందుకే. మసి మరక పోగొడదామని గట్టిగా తోమితే పోయేది మరక కాదు, రక్షణ.

ఆ తర్వాత 2001 ప్రాంతంలో స్కాండియం వచ్చింది. మెండెలీవ్ ఆవర్తన పట్టికలో ఖాళీ వదిలి, ఇక్కడ ఫలానా గుణాలున్న మూలకం దొరుకుతుందని ముందే చెప్పిన వాటిలో ఇదొకటి. 1879లో స్వీడన్ శాస్త్రవేత్త లార్స్ ఫ్రెడ్రిక్ నీల్సన్ దాన్ని కనిపెట్టాడు. అల్యూమినియంలో అర శాతం లోపు స్కాండియం కలిపితే చాలు, ఆ రెండూ కలిసిన అతి సూక్ష్మమైన రేణువులు లోహమంతా పరుచుకుంటాయి. వాటి స్ఫటిక నిర్మాణం చుట్టూ ఉన్న అల్యూమినియంతో చక్కగా అమరిపోతుంది. లోహం ఒత్తిడికి లొంగడమంటే దానిలోని పొరలు ఒకదాని మీద ఒకటి జారడమే. ఈ రేణువులు ఆ జారుడుకు అడ్డుపడతాయి. ఈ కిటుకును సోవియట్ శాస్త్రవేత్తలు విమానాల కోసం బాగా అభివృద్ధి చేశారు. సోవియట్ యూనియన్ విచ్ఛిన్నమయ్యాక అది అమెరికాలో బేస్‌బాల్ బ్యాట్లలోకీ, అక్కణ్నుంచి రివాల్వర్ చట్రాల్లోకీ వచ్చింది. దాంతో 340 గ్రాముల రివాల్వర్ మాగ్నమ్ తూటాను తట్టుకోగలిగింది. పట్టుకున్న చెయ్యి తట్టుకోగలదా అన్నది లోహశాస్త్రం పరిధిలోని ప్రశ్న కాదు.

గుండు తానే బయటికొస్తే

తేలికదనం తెచ్చిన మరో చిక్కు తూటాలో ఉంది. తూటా అంటే ఇత్తడి గుల్ల, దానిలో మందు, మూతి దగ్గర బిగించి నొక్కిన గుండు. మొదటి తూటా పేలగానే తుపాకీ సర్రున వెనక్కి వస్తుంది. సిలిండర్‌లో ఎదురుచూస్తున్న మిగతా నాలుగు తూటాల గుల్లలూ దానితోపాటే వెనక్కి వస్తాయి. వాటి మూతిలో ఉన్న గుండ్లు మాత్రం జడత్వం వల్ల ఉన్నచోటే ఉండిపోవాలని చూస్తాయి. వదులైన గొడ్డలిని బిగించడానికి కామా అడుగును నేలకు కొట్టినప్పుడు పనిచేసేదీ ఇదే సూత్రం: కామా ఆగుతుంది, ఇనుము ఆగదు. ఇక్కడ గుల్ల కదులుతుంది, గుండు కదలదు.

ఉక్కు రివాల్వర్‌లో ఆ కుదుపు చిన్నది కాబట్టి బిగింపు ఆపుతుంది. మూడు వందల గ్రాముల రివాల్వర్‌లో గుండు రెండు మూడు పేలుళ్లకే మెల్లగా ముందుకు జరిగి, సిలిండర్ దాటి తల బయటపెట్టొచ్చు. అలా బయటకొచ్చిన గుండు చట్రానికి తగిలితే సిలిండర్ తిరగదు. రివాల్వర్‌ను నమ్ముకోవడానికి ఉన్న పెద్ద కారణం అది ఇరుక్కోదన్న పేరే. తేలికదనం ఆ పేరుకే ఎసరు పెట్టింది. అందుకే ఎయిర్‌లైట్ వరుసలో కొన్నిటి గొట్టాల మీద ఎలాంటి గుండు వాడాలో చెక్కి ఉంటుంది. .44 స్పెషల్ తూటాలు ఐదు పట్టే మోడల్ 296 మీద 200 గ్రెయిన్లకు, అంటే 13 గ్రాములకు మించిన గుండు వద్దని రాశారు. ఆ మోడల్ ఎక్కువకాలం నిలవలేదు. ఈరోజు దాన్ని వెతికేవాళ్లకు కొదవ లేదు.

ఇదే వరుసలో లెక్క తెలిసిన బేరం ఒకటుంది. మోడల్ 332లో .32 హెచ్ అండ్ ఆర్ మాగ్నమ్ తూటాలు ఆరు పట్టేవి. పేరులో మాగ్నమ్ ఉన్నా దాని గుండు ఐదున్నర గ్రాములే. తుపాకీ బరువు తగ్గించడంతోపాటు గుండు బరువూ తగ్గించారన్నమాట. తన్ను దాదాపు 5 జౌళ్లకు దిగింది, అంటే ఉక్కు చీఫ్స్ స్పెషల్ కంటే తక్కువ. మరి అదెందుకు ఆగిపోయింది? ఆ తూటా పెద్దగా ఎవరికీ తెలియదు, ప్రతి దుకాణంలో దొరకదు, చిన్న గుండు మీద జనానికి నమ్మకం తక్కువ. ఇక్కడ లోపం తుపాకీలో కంటే బజారులో ఎక్కువ.

ఆగిపోవడానికి అసలు కారణాలు

అన్నీ లోహాల వల్లే ఆగిపోలేదు. కోల్ట్ చాలాకాలం నానా తంటాలు పడి, 2000ల మొదటికల్లా ఇలాంటి రివాల్వర్ల నుంచి తప్పుకుంది. అనుభవం ఉన్న పనివాడు ఆకురాయి పట్టుకుని ఒక్కో భాగాన్ని అమర్చాల్సిన పాత డిజైన్లు వాళ్లవి. యంత్రాలతో వేగంగా వచ్చే పిస్టళ్ల ధర ముందు అవి నిలవలేదు. 2008లో రూగర్ ఎల్‌సీపీ అనే 270 గ్రాముల చదునైన పిస్టల్ జేబుల్లోకి దిగింది. 2018లో సిగ్ పీ365 దాదాపు అర కిలోలో పది తూటాల 9 ఎంఎం ఇచ్చింది. ఐదు తూటాల రివాల్వర్‌ను అమ్మడం కష్టమైంది.

స్మిత్ అండ్ వెసన్ విషయంలో రాజకీయం కూడా తోడైంది. 2000 మార్చిలో ఆ కంపెనీ భద్రతా నిబంధనల మీద క్లింటన్ ప్రభుత్వంతో ఒప్పందం చేసుకుంది. తుపాకీ అభిమానులు దాన్ని ద్రోహంగా చూసి కొనడం మానేశారు. 2001లో కంపెనీని దాని బ్రిటిష్ యజమాని టామ్‌కిన్స్, తుపాకీ తాళాలు చేసే అరిజోనా కంపెనీకి అమ్మేసింది. ఆ తర్వాత వచ్చిన రివాల్వర్ల పక్కభాగంలో చిన్న తాళం రంధ్రం వెలిసింది. పిల్లల చేతికి చిక్కకుండా తుపాకీని బంధించడానికి పెట్టిన ఏర్పాటు అది. కొందరు కొనుగోలుదార్లకు మాత్రం అది కంటిలో నలుసు. తేలిక తుపాకీ గట్టిగా తన్నినప్పుడు తాళం దానంతట అదే పడిపోతుందేమోనన్న భయం కొందరిది. ఒప్పందం మీద పాత కోపం మరికొందరిది. టైటానియం వరుస తొలి రోజుల్లో ఈ తాళం లేదు. కాబట్టి తాళానికి ముందు అన్న మాట ఒక్కటే పాత రివాల్వర్ ధరను పెంచేస్తుంది.

చచ్చినవాడి కళ్లు చారెడు

మన పెద్దలు ఊరికే అనలేదు, చచ్చినవాడి కళ్లు చారెడని. బతికున్నప్పుడు వంకలు పెట్టినవాళ్లే పోయాక పొగుడుతారు. ఆగిపోయిన మోడళ్ల మీద మోజులో ఈ గుణం పాలు తక్కువేం కాదు.

1975లో స్టీఫెన్ వర్షెల్ బృందం చేసిన ప్రయోగం ప్రసిద్ధం. ఒకే రకం బిస్కెట్లను కొందరికి పది ఉన్న జాడీలోంచి, కొందరికి రెండే మిగిలిన జాడీలోంచి ఇచ్చారు. రెండే ఉన్న జాడీలోంచి తీసుకున్నవాళ్లు వాటిని ఎక్కువ కోరదగినవిగా, ఎక్కువ విలువైనవిగా లెక్కగట్టారు. కొరత విలువను పెంచింది, రుచిని కాదు. ఇక దొరకదన్న మాట వినగానే రివాల్వర్‌కూ అదే జరుగుతుంది.

రెండో పొరపాటు మిగిలినవాటిని చూసి మొత్తాన్ని అంచనా వేయడం. పాత ఎయిర్‌వెయిట్ డెబ్బై ఏళ్లైనా చెక్కుచెదరలేదని ఒకరు చూపిస్తారు. పగిలినవి ఎప్పుడో తుక్కులోకి పోయాయి, చూపించడానికి లేవు. ఎయిర్‌క్రూమన్‌లో చాలామటుకు నాశనమయ్యాయి కాబట్టే మిగిలిన కాసినిటికీ సేకర్తల దగ్గర అంత ధర. పైగా జేబు రివాల్వర్ జీవితంలో పేల్చేది బహు తక్కువ. చెక్కుచెదరకపోవడానికి లోహం గట్టిదనం కంటే వాడకపోవడం పెద్ద కారణం కావచ్చు.

ఇదంతా భ్రమేనా అంటే అదీ కాదు. మోజు వెనుక నిజమైన లెక్క కూడా ఉంది. కోల్ట్ 2017లో కోబ్రా పేరును తిరిగి తెచ్చింది. అయితే కొత్త కోబ్రా ఉక్కుది, 700 గ్రాములది. ఆరు తూటాలు, 425 గ్రాములు కావాలనుకున్న మనిషికి పాతదే దిక్కు. తాళం లేని తేలిక రివాల్వర్లకు గిరాకీ ఉందని స్మిత్ అండ్ వెసన్ కూడా గ్రహించింది. 2024లో లిప్సీస్ అనే పంపిణీ సంస్థతో కలిసి, తాళం తీసేసి, గురి గుర్తులు మెరుగుపరచి కొత్త వరుస తెచ్చింది. అందులో .32 హెచ్ అండ్ ఆర్ మాగ్నమ్ కూడా ఉంది. పాతవాటి కోసం తిరిగినవాళ్లు అడిగినదాంట్లో న్యాయం ఉందని కంపెనీయే ఒప్పుకున్నట్టు. పాతది కొనేవాడి ముందు మాత్రం ఒక సమస్య అలాగే ఉంటుంది. టైటానియం సిలిండర్ పాడైతే మారు భాగం ఎక్కడ దొరుకుతుంది?

మన దేశంలో ఈ తేలికదనం ప్రశ్న వేరే రూపంలో వచ్చింది. 2014లో కాన్పూర్‌లోని ప్రభుత్వ ఆయుధ కర్మాగారం నిర్భీక్ అనే రివాల్వర్ తెచ్చింది. ఢిల్లీ అత్యాచార ఘటన తర్వాత మహిళల రక్షణ పేరుతో వచ్చిన ఈ .32 రివాల్వర్‌లో టైటానియం మిశ్రమం వాడారు, బరువు 500 గ్రాములు. మన తయారీదారు మూడు వందల గ్రాముల దాకా పోలేదు. ధర లక్షా ఇరవై వేలు దాటింది. 1959 ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు సంపాదించడం అంతకంటే పెద్ద పని. కాబట్టి జేబు బరువు గురించి తర్జనభర్జన పడే అవసరం మన దగ్గర బహు కొద్దిమందిదే. డాలస్‌లోనో హ్యూస్టన్‌లోనో ఇల్లు కట్టుకున్న తెలుగువాళ్లకు మాత్రం ఇది పక్కింటి సంగతే.

రోజూ తెలిసే బరువు, ఎప్పుడో తెలిసే బరువు

ఇప్పుడు మొదట్లో అడిగిన ప్రశ్నలకు వద్దాం. జేబులో రివాల్వర్ రోజుకు పది గంటలు ఉంటుంది, ఏళ్ల తరబడి ఉంటుంది. మోసేవాళ్లలో అత్యధికులు దాన్ని అవసరానికి ఒక్కసారి కూడా పేల్చరు. 200 గ్రాములు తగ్గితే ఆ సుఖం రోజూ తెలుస్తుంది. తన్ను పెరిగితే ఆ కష్టం ఎప్పుడో, సాధన చేసిన రోజునో ప్రాణం మీదికి వచ్చిన క్షణంలోనో తెలుస్తుంది. రోజూ తెలిసేది ఎప్పుడో తెలిసేదాన్ని ఓడిస్తుంది. అందుకే కంపెనీలు కాల్చి చూసి వెనక్కి తగ్గిన బరువును, జనం మోసి చూసి కావాలంటున్నారు.

ఇదే తూకం ఇంకో పెద్ద విషయంలోనూ తప్పుతోంది. అమెరికాలో 2021లో తుపాకీ వల్ల పోయిన ప్రాణాలు 48,830. వాటిలో సగానికి పైగా హత్యలు కావు, ఆత్మహత్యలు. కాలిఫోర్నియాలో 2.6 కోట్ల మందిని ఏళ్ల తరబడి గమనించిన అధ్యయనం 2020లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చింది. చేతితుపాకీ ఉన్న మగవాళ్లు తుపాకీతో ఆత్మహత్య చేసుకునే అవకాశం లేనివాళ్లతో పోలిస్తే 8 రెట్లు ఎక్కువని తేల్చింది. ఆడవాళ్లలో అది 35 రెట్లు. వీధిలో ఎదురయ్యే ముప్పు ఊహకు స్పష్టంగా కనిపిస్తుంది కాబట్టి మనిషి దానికోసం రివాల్వర్ కొంటాడు. ఇంట్లో ఒక చెడ్డ రాత్రి వచ్చే ముప్పు ఊహకు అందదు కాబట్టి లెక్కలోకి తీసుకోడు.

ఇక రివాల్వర్ల వరకు, డెబ్బై ఏళ్ల ప్రయోగాలు ఒక చోటికి చేరాయి. 340పీడీ లాంటి స్కాండియం రివాల్వర్లు స్మిత్ అండ్ వెసన్ పట్టికలో ఇంకా ఉన్నాయి కానీ, విరివిగా అమ్ముడయ్యే పొట్టి రివాల్వర్లు 400 గ్రాముల చుట్టూ నిలిచాయి. స్మిత్ అండ్ వెసన్ మోడల్ 642 సుమారు 410, ప్లాస్టిక్ భాగాలు కలిపి 2009లో వచ్చిన రూగర్ ఎల్‌సీఆర్ సుమారు 380. అరచెయ్యి ఓర్చుకోగల దెబ్బకూ జేబు ఓర్చుకోగల బరువుకూ కుదిరిన రాజీ ఇది. దానికంటే కిందకు పోయిన మోడళ్లలో చాలామటుకు మాయమైంది ఎవరో కుట్ర చేసి కాదు, గొప్పతనం గుర్తించకా కాదు. రాజీ ఎక్కడ కుదరదో అవి చేసి చూపించాయి. వాటి కోసం వెతికేవాడు కొనబోయే ముందు ఆ లెక్క మరోసారి వేసుకుంటే మంచిది. వేసేటప్పుడు జేబును కాక చేతిని అడగాలి.